మంచుగడ్డలోని పురుగు, దిగుడుబావిలోని పురుగు

చరిత్రయనగానే మనకు రాజులును, రణములును, దానశాసనములును స్మరణకు వచ్చును. చెరువు కట్టించిన ప్రభువు పేరు శిలమీద నిలుచును. ఆ చెరువునీటిలో పుట్టి పెరిగి, ఆ ప్రభువు ప్రజల యారోగ్యమును శాసించిన ప్రాణి పేరు ఏ శిలమీదను గానరాదు. నువ్వుగింజకన్న చిన్నదైన ప్రాణికి చరిత్ర యేమిటని కొందరు నవ్వవచ్చును. కాని మానవుడు ఆ ప్రాణిని చూడనేర్చిన దినమునకును, చూచినదానిని ఆచరణలో పెట్టిన దినమునకును నడుమ నూరేండ్లకు పైగా గడచినవి. ఆ కాలమంతయు బీదసాదలు కాలిపుండ్లతో మంచము పట్టిరి. చూచుటకును చేయుటకును నడుమ నింత దూరమేల కలిగెనో విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

నల్లమల కొండలకు తూర్పున మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమ కలదు. 1970లో ఒంగోలు కేంద్రముగా నూతన జిల్లా యేర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు మండలములో చేరియుండెను. ఇది మెట్టసీమ. వాన వచ్చిన యేడు పంట, రాని యేడు వలస. ఈ నేలలో దొరకు పలకరాయి తెలుగుపిల్లల చేతికెల్ల అక్షరములు దిద్దు పలకయై ప్రసిద్ధి కెక్కినది. ఆ రాయి నూరు కోట్ల సంవత్సరములకు మించిన పూర్వమున నొక సముద్రపుటడుగున పేరుకొన్న బురద. నేడు మాత్రము ఇచట నీటిచుక్కయే నిధి. అందుచేతనే గుండ్లకమ్మకు అడ్డముగా రెండు కొండల నడుమ కట్టవేసి కంభము చెరువును నిర్మించిరి. విజయనగర రాజకుటుంబపు స్త్రీ వరదరాజమ్మ దానిని కట్టించినదని ప్రతీతి. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో ఆ చెరువును వారసత్వ కట్టడముగా గుర్తించినది.

మన పూర్వులకు చెరువు శాస్త్రము తెలియనిది కాదు. గిద్దలూరునకు దక్షిణమున నున్న పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, అచట చెరువు కట్టించి వేయించిన శాసన మది. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను అది వివరించుచున్నది. నేల యెట్లుండవలెను, కొండ యెట్లుండవలెను, కట్ట యెట్లుండవలెను అను విషయములన్నియు అందు కలవు. నీటిలోపలి సూక్ష్మప్రాణుల ప్రసక్తి మాత్రము లేదు. అది ఆ పండితుల లోపము కాదు. సూక్ష్మదర్శిని లేని కాలమున కంటికి ఆనని దానిని లెక్కించుట యెట్లు?

మేము మా విద్యార్థులచేత చెరువునీటిని గాజుపాత్రలో పట్టించి, వెలుతురున కెదురుగా నిలిపి చూపుదుము. కొంతసేపు ఓపికతో చూచినయెడల తెల్లని చుక్కలు కొన్ని నీటిలో ఉలికిపడినట్లు ఎగురుచు, ఆగుచు, మరల ఎగురుచు కానవచ్చును. దుమ్మురేణువు తేలును గాని ఎగురదు కదా! ఆ చుక్క ఒక ప్రాణి. దాని పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. సూక్ష్మదర్శిని క్రింద చూచిన ముందు వెడల్పై వెనుక సన్నగిల్లిన శరీరము, చీలిన తోక, నొసట ఒకే యొక యెఱ్ఱని కన్ను స్పష్టమగును. ఆడుదైనచో తోకకు ఇరుప్రక్కల రెండు గ్రుడ్లసంచులు వ్రేలాడుచుండును. పదునెనిమిదవ శతాబ్దమున డేనిష్ శాస్త్రజ్ఞుడు మ్యూలర్ దీనికి సైక్లాప్సు అని పేరు పెట్టెను. యవనుల కథలలో సైక్లాప్సు ఒంటికన్ను రాక్షసుడు. పర్వతమువంటి రాక్షసుని పేరు నువ్వుగింజయంత లేని ప్రాణికి దక్కినది.

సైక్లాప్సు రొయ్యకును, పీతకును దూరపు చుట్టము. దాని కులమువారిని శాస్త్రజ్ఞులు కోపిపోడులందురు. తెడ్లవంటి కాళ్లు గలవని ఆ మాటకు అర్థము. ఈ తెడ్డుకాళ్ల కులము భూమిమీద నీరున్న చోట్ల నెల్ల నున్నది. మన బావిలో నున్నది, మహాసముద్రములో నున్నది, తడిసిన పాచిలో నున్నది. ఆశ్చర్యమేమనగా, ధ్రువప్రాంతములందు గడ్డకట్టిన సముద్రపు మంచులోపల గూడ నున్నది. బావిలోని ప్రాణి చరిత్ర చెప్పుటకు ముందు మంచులోని దాని జ్ఞాతుల సంగతి కొంత చెప్పవలసియున్నది. ఒక్కదానిని మాత్రమే చూచినచో ఈ కులమును శత్రువని తలంతుము. రెంటిని చూచినచో నిజము తెలియును.

మంచినీరు సున్న డిగ్రీలకడ గడ్డకట్టును. సముద్రపునీరు ఉప్పు కలిసినదగుటచే ఇంచుమించు మైనస్ 1.8 డిగ్రీలవరకు ద్రవముగానే యుండును. అంతకు చల్లబడినప్పుడు నీరు మంచుస్ఫటికములై గట్టిపడును గాని ఉప్పు ఆ స్ఫటికములలో ఇముడదు. బయటికి నెట్టబడిన ఉప్పు కొంచెము నీటితో కలిసి మిక్కిలి చిక్కని ఉప్పునీరై, మంచు నడుమ సన్నని సందులలో నిలిచిపోవును. అందుచేత సముద్రపు మంచుగడ్డ రాయివలె నిండైనది కాదు. తేనెపట్టువలె లోపలనంతట గొట్టములు గలది. ఆ గొట్టములు కొన్ని వెండ్రుకకన్న సన్ననివి, కొన్ని కొన్ని మిల్లీమీటర్ల వెడల్పైనవి. చలి యెక్కువైన కొలది అవి యిరుకగును. లోపలి నీరు మరింత ఉప్పనగును.

ఇట్టి యిరుకు సందులలో ఒక లోకము నివసించుచున్నది. మంచు అడుగుభాగమున వెలుతురు సోకునచోట డయాటములను సూక్ష్మమైన నాచుమొక్కలు పెరిగి, మంచునకు గోధుమవన్నె పట్టించును. వానిని మేయుటకు ఏకకణప్రాణులు, రోటిఫరులు, నూలుపోగువంటి పురుగులు, చదునుపురుగులు, తెడ్డుకాళ్ల ప్రాణులు గొట్టములలో తిరుగుచుండును. రోటిఫరులును చదునుపురుగులును తమ దేహముకన్న సన్నని గొట్టములోనికి గూడ సాగిలబడి దూరగలవు. పెద్దప్రాణి అందు దూరలేదు గనుక ఆ గొట్టములు వానికి కోటలు. ఉత్తర ధ్రువసముద్రపు మంచులో సైక్లోపినా అను తెడ్డుకాళ్ల ప్రాణి కనబడుచున్నది. పేరు చూచినంతనే చదువరులకు బంధుత్వము తెలియవచ్చును; మన బావిలోని సైక్లాప్సు చేరిన వర్గములోనే ఇదియు చేరినది.

ఈ లోకము మానవుని కంట బడిన తీరు విన దగినది. 1839 మొదలు 1843 వరకు జేమ్సు క్లార్కు రాసు నాయకత్వమున రెండు ఆంగ్లనౌకలు దక్షిణ ధ్రువసముద్రమున సంచరించినవి. ఆ నౌకలలోని వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హూకర్ మంచుమీది గోధుమమరకను మురికియని తోసివేయక, కొంత పోగుచేసి, బెర్లినులోని ఎహ్రెన్‌బెర్గు పండితునకు పంపెను. ఆ మరకలో డయాటముల రాశి యున్నదని తేలెను. పిదప 1893లో నార్వే దేశస్థుడు నాన్సెన్ తన ఫ్రాం నౌకను బుద్ధిపూర్వకముగా ఉత్తర ధ్రువసముద్రపు మంచులో చిక్కుకొననిచ్చెను. 1896 వరకు ఆ నౌక మంచుతోబాటు కొట్టుకొనిపోయెను. ఆ యేండ్లలో నాన్సెన్ మంచుమీది నీటిగుంటలనుండి చుక్కలు తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించి, వానిలో నాచును, ఏకకణప్రాణులను కనుగొనెను. ఎలుగుబంటి దప్ప మరియొక ప్రాణి లేదనుకొన్న యెడారిలో చుక్కచుక్కకును ప్రాణమున్నదని యిట్లు తెలిసెను.

ఆ నౌక తెచ్చిన తెడ్డుకాళ్ల ప్రాణులను పరిశీలించినవాడు గియోర్గ్ ఓసియన్ సార్స్ అను నార్వే పండితుడు. అతడు చేసిన మరియొక పని మన మెట్టసీమవారికి హృద్యమైనది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా మొదలగు ఉష్ణదేశములనుండి ఎండిపోయిన చెరువుల మట్టిని తెప్పించి, నార్వేలో ఆ మట్టిని నీటిలో కలిపి కాచుకొనెను. కొన్నాళ్లకు ఆ మట్టిలోని గ్రుడ్లు పొదిగి, ఏనాడును ఐరోపాను చూడని నీటిప్రాణులు ఆ పాత్రలలో ఈదసాగెను. ధ్రువపు మంచును, ఎండిన చెరువును ఒకే మనుష్యుడు ఒకే బల్లమీద పరీక్షించెను. రెంటిలోను అతడు చూచినది దుర్దినములను ఓర్చుకొను చిన్నప్రాణులనే.

మన సీమలోని చెరువు వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. అయినను తొలకరి పడిన కొలది దినములకే గుంటలలో చుక్కలు ఎగురుట చూచి, ఇవి ఆకాశమునుండి రాలినవని మన పెద్దలు కొందరు తలంచెడివారు. నిజమున కవి బురదలోనే యుండెను. సైక్లాప్సు జాతులు కొన్ని ఎదిగీయెదగని దశలో బురదలో చొచ్చి, నీరు వచ్చువరకు నిద్రించును. ధ్రువసముద్రమున కలానసు అను తెడ్డుకాళ్ల ప్రాణి యున్నది. దాని పొడవు కొలది మిల్లీమీటర్లే. వేసవిలో నాచు మేసి శరీరమున క్రొవ్వు నింపుకొని, చీకటికాలము రాగానే వందల మీటర్ల లోతునకు దిగి నిద్రించును. బాగుగ బలిసిన కలానసు ఎండుతూకములో సగమునకు పైగా క్రొవ్వే. ఆ క్రొవ్వే ధ్రువలోకపు ధాన్యాగారము. దానిని తిని చిన్నచేపలు, చేపలను తిని సీలులు, సీలులను తిని తెల్ల ఎలుగుబంట్లు బ్రతుకుచున్నవి. అరువది టన్నులకు మించి తూగు ధ్రువతిమింగిలము గూడ ఈ చిన్నప్రాణులనే నోటి జల్లెడతో వడగట్టి తిని అంతటి దేహమును పెంచుచున్నది. మన చెరువులలోని చేపపిల్లలకును తొలి ఆహారములో సైక్లాప్సు చేరియున్నది. కావున ఈ కులము లోకమునకు అన్నము పెట్టు కులము.

అన్నము పెట్టు ఆ చేతి మీదుగనే మన దేశమున కొక రోగము వచ్చినది. దానిని తెలుగువారు నారికురుపు అందురు. ఈ రోగము రాయలసీమ మెట్టమండలములలోను, కర్నూలు మండలములోను చిరకాలము కాపురముండినది. నారియనగా వింటిత్రాడు. మోకాలి క్రిందనో, పాదముమీదనో ఒక బొబ్బ లేచి, నిప్పు పెట్టినట్లు మండి, పగిలి, అందుండి తెల్లని త్రాడువంటి పురుగు తల చూపును. దాని పొడవు రెండు మూడడుగులు. తొందరపడి లాగినచో తెగి లోపల కుళ్లును. అందుచేత ఒక పుల్లకు చుట్టి, దినమునకు కొంచెము కొంచెముగా వారముల తరబడి లాగవలసివచ్చును. మన వైద్యగ్రంథములు దీనిని స్నాయుకమని పేర్కొన్నవి. పాశ్చాత్యులు మదీనా నగరము పేరున పిలిచిరి. చంపురోగము కాదు గాని కుటుంబమును కూల్చురోగము. విత్తనములు వేయు దినములలోనో, కోతలు కోయు దినములలోనో రైతు కాలు క్రింద పెట్టలేక పడియుండెనేని ఆ యేడు ఆ యింట గింజ యుండదు. తల్లి మంచము పట్టెనేని నీరు తెచ్చుట కూతురి పని యగును. కూతురి చదువు అంతటితో సరి.

ఈ పురుగు కాలిలోనికి ఎట్లు వచ్చెను? పాపఫలమని కొందరు, దిష్టి యని కొందరు, గ్రామదేవత కోపమని కొందరు చెప్పిరి. నీరే కారణమని యూహించినవారును లేకపోలేదు. కాని నీటిలోని యేది కారణమో వారికి తెలియదు. బురదనీట నడచునప్పుడు చర్మము గుండ చొచ్చునని వైద్యులు సైతము పలువురు భ్రమించిరి. రష్యా దేశపు యువశాస్త్రజ్ఞుడు ఫెద్‌చెంకో తుర్కిస్తానమున ఈ రోగమును పరిశీలించి, 1870 ప్రాంతమున రహస్యము విప్పెను. రోగి పుండునుండి వెలువడిన పిల్లపురుగులను నీటిలో వేసి చూడగా, సైక్లాప్సు వానిని మ్రింగెను. ఆ పిల్లపురుగులు సైక్లాప్సు కడుపులో చావక పెరిగెను. ఆ తరువాత ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో రాబర్టు లైపరు అను ఆంగ్లేయుడు పశ్చిమాఫ్రికాలో ప్రయోగములు చేసెను. కడుపులోనుండునట్టి ఆమ్లము తగిలినంతనే సైక్లాప్సు చచ్చి, పిల్లపురుగులు చురుకై వెలువడుట చూచెను. అట్టి సైక్లాప్సును అరటిపండులో పెట్టి కోతికి తినిపించి, నెలల తరువాత కోసి చూడగా పురుగులు దొరికెను. మన దక్షిణదేశమున మైసూరు సంస్థానపు చిత్రదుర్గ ప్రాంతమున మూర్తి అను శాస్త్రజ్ఞుడు 1930 దశకములో బావులలోని సైక్లాప్సును శ్రమించి పరిశీలించెను.

ఈ పరిశోధనలవలన గొలుసు పూర్తిగా తెలిసినది. మనుష్యుడు వడగట్టని నీటితో సైక్లాప్సును మ్రింగును. కడుపులో సైక్లాప్సు నశించి, పిల్లపురుగులు ప్రేగుగోడను చీల్చుకొని దేహములో ప్రవేశించును. మగపురుగులు చచ్చును, ఆడుపురుగు ఇంచుమించు సంవత్సరకాలము పెరిగి కాలివైపు దిగి బొబ్బ లేపును. మంట భరింపలేక రోగి కాలిని చల్లని నీటిలో పెట్టును. ఆ క్షణమున పురుగు లక్షల సంఖ్యలో పిల్లలను నీటిలోనికి వదలును. సైక్లాప్సు వానిని మ్రింగును. రెండు వారములకు ఆ నీరు మరల రోగకారకమగును. ఈ చక్రములో నీటినుండి వచ్చిన పురుగు నీటికి తిరిగిపోవుటకు మానవుని కాలే వంతెన.

ఇచట దిగుడుబావిని గూర్చి ఒక మాట చెప్పవలెను. మెట్టసీమలో నీరు లోతున నుండును గనుక మెట్లు కట్టి దిగుట వాడుక. బిందె ముంచుటకు దిగిన మనుష్యుని పుండుకాలు త్రాగునీటిలో మునుగును. చేదతో తోడుకొను బావిలో కాలు మునుగు నవకాశమే లేదు. రెండు బావులకును నడుమ భేదము మెట్లు మాత్రమే. ఆ మెట్లే రోగము దిగివచ్చు దారి. ఊరిబావి చేరనీయక కొందరిని దూరముంచిన మన సంఘము, వారిని గుంటలకును, చెరువుగట్టు చెలమలకును తరిమినది. అంటు అని మనము తప్పించుకొన్నది మనిషి స్పర్శను. తప్పించుకొనవలసినది వడగట్టని నీటిని. శుచి పేరున మనము కాచిన హద్దు ఒకటి. రోగము నడచిన దారి వేరొకటి.

రహస్యము 1870 ప్రాంతముననే తెలిసినదని చెప్పితిమి. మన దేశమున కడపటి రోగి 1996 జూలైలో రాజస్థానమందలి జోధపురము జిల్లాలో కనబడెను. నడుమ నూట యిరువదియైదేండ్లకు పైగా! మందు దొరకక ఆలస్యమైనదా? కాదు. ఈ రోగమునకు నేటికిని మందు లేదు, టీకాయు లేదు. దీనికి కావలసినవి మూడే: మడచిన నాణ్యమైన వస్త్రముతో వడగట్టిన నీరు, మెట్లు మూసి చేదబావిగా మార్చిన బావి, పుండుగల మనిషికి ఇంటివద్దనే నీరందించు పొరుగువారు. సైక్లాప్సు మిల్లీమీటరు పొడవైన ప్రాణి యగుటచే దట్టమైన బట్టను దాటలేదు. ఇందులో ఏ యింటికి అందరాని వస్తు వేది? ఆలస్యమునకు కారణము వస్తువులేమి కాదు. ఈ రోగము పట్టణములను పట్టక పల్లెలను పట్టెను; ఉద్యోగిని పట్టక కూలివానిని పట్టెను. చదివినవారికి తెలిసిన సంగతి నీరుమోయువారికి చెప్పవలెనన్న పట్టుదల చిరకాలము పుట్టలేదు.

ఆ పట్టుదల పుట్టినప్పుడు పని యెంత శీఘ్రముగా జరిగెనో చూడుడు. 1981 మొదలు 1990 వరకు ఐక్యరాజ్యసమితి త్రాగునీటి దశాబ్దమును ప్రకటించెను. భారతప్రభుత్వము 1983–84లో నారికురుపు నిర్మూలన కార్యక్రమము నారంభించెను. 1984లో దేశమున సుమారు 40,000 మంది రోగులుండిరి. ఆంధ్రప్రదేశముతో కూడ ఏడు రాష్ట్రములు ఈ రోగమునకు నిలయములు. కార్యకర్తలు గ్రామగ్రామమునకు పోయి ఇల్లిల్లు వెదకి రోగులను గుర్తించిరి, కట్లు కట్టిరి, నీటిలో దిగవలదని నచ్చజెప్పిరి, వడపోతబట్టలు పంచిరి, దిగుడుబావులను మార్చిరి, చేతిపంపులు వేయించిరి, అవసరమైన గుంటలలో సైక్లాప్సును అణచు మందును కొలతతో చల్లిరి. పండ్రెండు పదుమూడేండ్లలో రోగుల సంఖ్య సున్నకు దిగెను. 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమును ఈ రోగము తొలగిన దేశముగా ధ్రువీకరించెను. 1986 ప్రాంతమున ప్రపంచమున ఇంచుమించు 35 లక్షల మందిని బాధించిన యీ రోగము 2023లో 14 మందిలో మాత్రమే కనబడెను. శతాబ్దము కదలని కొండ పండ్రెండేండ్లలో కరగెను. కరగించినది బట్టముక్కయు, దానిని పట్టుకొని గడపగడపకు నడచిన కాళ్లును.

ఇందులో సైక్లాప్సు నేరమేమి? అది ఆకలిగొని దొరికిన దానిని తినెను. లోపల చేరిన పిల్లపురుగుల బరువుచే తానే మందగించెను. దానిని సృష్టినుండి తుడిచివేసి మనము రోగమును జయింపలేదు. అట్లు తుడిచివేయుట సాధ్యమును గాదు. సాధ్యమైనచో చెరువులోని చేపపిల్లకు ఆహారము లేకుండబోవును. దాని నివాసమును దానికే విడిచి, మన కాలిని దాని నీటినుండియు, దానిని మన కడుపునుండియు తప్పించితిమి. రెండు ప్రాణులకు నడుమ నొక బట్టను కట్టితిమి. ప్రకృతితో మానవుడు పెట్టుకొన దగిన సంధి యిట్టిదని మా యభిప్రాయము.

అయినను ఒక జయముతో సర్వము ముగియదు. నీటిలో కంటికి కానరాని వస్తువు పురుగొక్కటే కాదు. 1937లో షార్టు అను వైద్యుడును అతని సహచరులును, నాడు నెల్లూరు మండలమున చేరియుండి పిదప ప్రకాశము జిల్లాలో కలిసిన గ్రామములలో ఫ్లోరైడు రోగమును లోకమునకు తెలిపిరి. పండ్లమీద గారపట్టి, యెముకలు బిగిసి, నడుములు వంగిన మనుష్యులను వారు చూచిరి. రాళ్లలోని ఫ్లోరైడు లవణము నీటిలో కరగి మనుష్యుల యెముకలలో పేరుకొనుటయే దానికి కారణము. పశ్చిమభాగపు గ్రామములను ఆ బాధ పిదపగూడ విడువలేదు. సైక్లాప్సును ఆపిన బట్ట కరగిన లవణము నాపజాలదు. లోతుబావి పురుగును తప్పించును గాని రాతిలోని లవణమును తప్పింపదు. కనుక నీరు తేటగా నున్నది గదా యని తృప్తి పడరాదు, పరీక్షింపవలెను. ఇచటను కారణము తెలిసి యేండ్లు గడచినవి. నారికురుపు విషయమున జరిగిన యాలస్యము ఫ్లోరైడు విషయమునను జరుగుచున్నదని వేరుగ చెప్పనక్కరలేదు.

ధ్రువసముద్రమునను ఇట్టి పరీక్షయే వచ్చిపడినది. 1979 మొదలు ఉపగ్రహములు కొలచుచున్న లెక్కలను బట్టి, ఉత్తర ధ్రువమున వేసవి చివర మిగులు మంచు విస్తీర్ణము దశాబ్దమునకు ఇంచుమించు నూటికి పండ్రెండు వంతులు తగ్గుచు వచ్చినది. కలానసు జాతులలో నొకటి మంచుక్రింది నాచు మేసి గ్రుడ్లు పెట్టును. మంచు కరగిన పిదప తెరపి సముద్రమున పెరుగు నాచు దాని పిల్లలకు ఆహారము. రెండు పంటలకును నడుమ సరియైన యెడముండిననే ఆ కుటుంబము బ్రతుకును. మంచు ముందుగ కరగినచో పిల్లలు కన్ను తెరచునప్పటికి పంట దాటిపోవచ్చును. తొలకరి ముందువెనుకలైన విత్తనముల గతి యేమగునో మెట్టరైతునకు మనము చెప్పవలసిన పనిలేదు. ఈ సంగతులను కనిపెట్టుటకు భారతదేశము గూడ ధ్రువములకు పోయినది. 1981–82లో ఖాసిం నాయకత్వమున తొలి దక్షిణధ్రువ యాత్ర జరిగెను. 2008లో ఉత్తరమున స్పిట్స్‌బెర్గెన్ ద్వీపమున హిమాద్రి యను పరిశోధనకేంద్రము వెలసెను.

దూరము పోనక్కరలేదు. నాగార్జున విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిన వై. రంగారెడ్డి ఆంధ్రదేశపు బావులలోను, నదీతీరపు టిసుకల క్రిందను నివసించు తెడ్డుకాళ్ల ప్రాణులను, వాని బంధువులను జీవితమంతయు వెదకి, లోకమున కంతకుముందు తెలియని జాతులను పెక్కింటిని వర్ణించిరి. ఆయన మరియొకరితో కలిసి 2011లో వర్ణించిన ఒక ప్రాణికి ఆంధ్రకాయిడిసు అని పేరు పెట్టిరి. దాని దగ్గరిచుట్టములు ఆస్ట్రేలియాలో నున్నవి. ఇండియా, ఆస్ట్రేలియా, దక్షిణధ్రువఖండము ఒకే నేలగా కలిసియుండిన పురాతనకాలపు గురుతు మన భూగర్భజలములో ఈదుచున్నది! మంచులోని సన్నని గొట్టములవలెనే ఇసుకరేణువుల నడిమి సందులును ఈ చిన్నవారికి వీధులు. ఆ వీధుల పటము గీయువారు మనలో మిక్కిలి కొలదిమంది.

గృహస్థులకు మా విన్నపము చిన్నది. వానకాలమున ఒక దినము చెరువునీటిని గాజుగ్లాసులో పట్టి మీ పిల్లలకు చూపుడు. ఎగురు చుక్కను చూపి దాని పేరు చెప్పుడు. ధ్రువపు మంచులో దాని చుట్టమున్నదని చెప్పుడు. ఒకప్పుడు దాని మూలమున వారి ముత్తాతల కాలమున కాళ్లు కుళ్లెనని, బట్టముక్కతో ఆ బాధ తొలగెనని చెప్పుడు. పిమ్మట ఆ నీటిని పారబోయక చెరువునకే మరలింపుడు. అటుపిమ్మట మీ యింట త్రాగు నీటిని ఎవరు పరీక్షించిరో, ఎప్పుడు పరీక్షించిరో, మీ వీధి చివర గుడిసెలోనివారు త్రాగు నీరు ఎచటిదో పిల్లలు అడుగుదురు. ఆ ప్రశ్నకు ఇంటిపెద్దలు సమాధానము సిద్ధము చేసికొనవలెను.